పావు తక్కువ మూడు: మనవరాలికి ఉత్తరం

బ్రాడీపేట, గుంటూరు

చిట్టితల్లీ,

నీ లెక్కల పేపరు ఫొటో మీ అమ్మ పంపింది. ఐదుంబావులోంచి రెండు ముప్పావు తీసేయమంటే మూడున్నర అని రాశావు. లెక్కలు రావని ఏడ్చావట. నీకు లెక్కలు వచ్చు. 1/4లోంచి 3/4 పోదు కదా అని తిరగేసి, 3/4లోంచి 1/4 తీసేశావు, అంతే. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, చాలామంది పిల్లలు జారేది ఇక్కడే.

మొన్న నానమ్మ మీ బెజవాడ వస్త్రలతలో ఐదుంబావు మీటర్ల గుడ్డ తీసుకుంది కదా. అందులో నీ పరికిణీకి రెండు ముప్పావు కత్తిరించాలి. విడిగా ఉన్న పావు మీటరు ముప్పావుకి చాలదు. అందుకని ఐదింట్లో ఒక మీటరుని నాలుగు పావులు అనుకో. విడిగా ఉన్నదాంతో కలిపి ఐదు పావులు. అంటే 5 1/4ని 4 5/4 అని రాశాం. గుడ్డ ఒక్క అంగుళం పెరగలేదు, తరగలేదు. ఇప్పుడు 5/4లోంచి 3/4 తీస్తే 2/4, నాలుగులోంచి రెండు తీస్తే రెండు. మిగిలింది రెండున్నర మీటర్లు.

నానమ్మ మాత్రం కాగితం పట్టుకోలేదు. ఆవిడ రెండు ముప్పావు అనదు, పావు తక్కువ మూడు అంటుంది. ఐదుంబావులోంచి మూడు తీసేస్తే రెండుంబావు. పావు ఎక్కువ తీశాం కాబట్టి అది తిరిగి కలిపితే రెండున్నర. నాకు ఈ పద్ధతంటే చాలా ఇష్టం. భిన్నం ఒకటికి దగ్గరగా ఉన్నప్పుడల్లా ఇలా చేసి చూడు.

హారాలు వేరైతే ముందు క.సా.గు. కట్టాలి, అంటే రెండు హారాలతోనూ శేషం లేకుండా భాగించగలిగే అతి చిన్న సంఖ్య. 7 1/3లోంచి 4 5/8 తీయాలనుకో. 3, 8ల క.సా.గు. 24. అప్పుడది 7 8/24లోంచి 4 15/24 అవుతుంది. ఎనిమిదిలోంచి పదిహేను పోదు కాబట్టి ఏడులోంచి ఒకటి తెస్తాం. ఇక్కడ జాగ్రత్త తల్లీ! మామూలు తీసివేతలో అప్పు తెస్తే పది వస్తుంది. ఆ అలవాటుకొద్దీ 18/24 అని వేసేస్తారు. ఇక్కడ ఒకటి అంటే 24/24. కాబట్టి 6 32/24. జవాబు 2 17/24.

అన్నిటినీ అపక్రమ భిన్నాలు, అంటే కింది అంకె కన్నా పై అంకె పెద్దదిగా ఉండే భిన్నాలు, చేసి తీసెయ్యమని మీ టీచర్ చెప్పారట. అదీ సరైనదే. 22/3లోంచి 37/8 అంటే 176/24లోంచి 111/24, అంటే 65/24. అదే జవాబు. కానీ అంకెలు పెద్దవవుతాయి, గుణకారంలో తప్పు దొర్లుతుంది. పరీక్షలో టెన్షన్ ఉన్నప్పుడు చిన్న అంకెలే మంచివని నా నమ్మకం.

జవాబు రాశాక కూడి చూసుకోవడం మానకు. నువ్వు రాసిన మూడున్నరకి రెండు ముప్పావు కలిపితే ఆరుంబావు వస్తుంది. ఉన్న గుడ్డే ఐదుంబావు!

ఆదివారం వస్తాను. ఈ రెండూ చేసి ఉంచు: 6లోంచి 2 3/8, 9 1/6లోంచి 3 3/4. మొదటిదాంట్లో పైన భిన్నమే లేదని కంగారు పడకు, ఆరుని 5 8/8 చేసుకో. కూడి చూసింది కూడా పక్కనే రాయి.

ఆశీస్సులతో,
తాతయ్య