చదరంగపు గళ్ళ మొత్తానికి కారణాంకాలు

ప్రశ్న: చదరంగపు బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగో గడి దాకా రెట్టింపు చేస్తూ పోతే వచ్చే మొత్తాన్ని చెప్పే పద్యం ఒకటి, మదరాసులో నేను చదువుకున్న తెలుగు బడిలో మా మాస్టారు నేర్పారు. చదరంగం నేర్చుకుంటున్న మా మనవడికి అది అప్పజెప్పితే, "తాతా, అంత పెద్ద సంఖ్యను ఏయే సంఖ్యలు భాగిస్తాయి?" అని అడిగాడు. క్యాలిక్యులేటర్‌లో చివరి అంకెలు కనబడటం లేదు. చేత్తో చేసే దారి ఉందా?
- ఒక పాఠకుడు, మాంబళం, చెన్నై

జవాబు: ఉంది. మీరు నేర్చుకున్నది, గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పిన పాతకాలపు కవి పావులూరి మల్లన పేరుతో ప్రచారంలో ఉన్న చంపకమాల అయి ఉంటుంది. "శర శశి షట్క చంద్ర" అని మొదలయ్యే ఆ పద్యంలో శరం అంటే అయిదు, శశి అంటే ఒకటి, షట్కం అంటే ఆరు; ఇలా ఒక్కొక్క మాటనూ అంకెగా మార్చి కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోతే 1,84,46,74,40,73,70,95,51,615 వస్తుంది. ఇరవై అంకెలూ వరస తప్పకుండా, యతిప్రాసలతో సహా ఒక వృత్త పద్యంలో ఇమడటం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

ఏ గడిలోని గింజలైనా దాని ముందున్న గళ్ళన్నింటి మొత్తం కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. కనుక అరవై అయిదో గడి ఉందనుకుంటే అందులో పడే గింజల కంటే, అంటే 2 యొక్క 64వ ఘాతం కంటే, మన మొత్తం ఒకటి తక్కువ. 25 నుంచి ఒకటి తీసేస్తే 4×6 అయినట్టే, ఏ వర్గం నుంచి ఒకటి తీసేసినా దాని మూలానికి ఒకటి తక్కువైన సంఖ్య, ఒకటి ఎక్కువైన సంఖ్య కారణాంకాలవుతాయి. తక్కువైన దాన్ని మళ్ళీ అలాగే విడదీస్తూ దిగితే 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 మిగులుతాయి.

వీటిలో మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది కూడా అంతేనని పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా నమ్మాడు. దాన్ని 641 భాగిస్తుందని 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ చూపాడు. ఎందుకు భాగిస్తుందో మీ మనవడికి తప్పక చెప్పండి. 641ని 5×128+1 అనీ, 625+16 అనీ రెండు విధాలుగా రాయవచ్చు. మొదటి రూపాన్ని బట్టి 5×128 అనేది 641 కంటే ఒకటి తక్కువ కనుక, దాన్ని 641తో భాగిస్తే శేషం −1 అనుకోవచ్చు. దాని నాలుగో ఘాతానికి, అంటే 625ను 2 యొక్క 28వ ఘాతంతో గుణించిన లబ్ధానికి, శేషం 1. రెండో రూపాన్ని బట్టి 625 స్థానంలో −16 పెట్టవచ్చు. అప్పుడు 2 యొక్క 32వ ఘాతానికి శేషం −1 అని తేలుతుంది, దానికి ఒకటి కలిపిన మన ఆరో సంఖ్యకు శేషం సున్న. భాగఫలం 67,00,417 కూడా ప్రధాన సంఖ్యే.

మొత్తం ఏడు ప్రధాన కారణాంకాలు, అన్నీ వేర్వేరు. ఒక్కొక్కదాన్నీ తీసుకోవడమో వదిలేయడమో చేస్తూ పోతే, ఒకటినీ ఆ పెద్ద సంఖ్యనూ కలుపుకొని, దాన్ని నిశ్శేషంగా భాగించేవి సరిగ్గా 128 సంఖ్యలు.