సర్వీస్ పిస్టల్ గురి: బ్యారెల్ కన్నా ముందు ట్రిగ్గర్ వేలు

25 మీటర్ల దగ్గర తూటాలన్నీ కింద ఎడమవైపుకే పడుతున్నాయి, ఖరీదైన బ్యారెల్ వేయించాలా అని అడిగారు కదా, ఇప్పుడే వద్దండీ. కుడిచేతి వాటం వాళ్లకు అలా పడుతుంటే చాలాసార్లు కారణం చేతిలోనే ఉంటుంది: పేలబోతోందన్న టెన్షన్‌తో మణికట్టు ముందే బిగుసుకుని పిస్టల్ మూతి కిందకు వంగుతుంది.

తేల్చుకోవడం సులువే. రేంజ్‌లో పక్కవాళ్లను మ్యాగజైన్‌లో రెండు మూడు డమ్మీ (పేలని) తూటాలు కలిపి నింపమనండి, ఎక్కడున్నాయో మీకు తెలియకూడదు. డమ్మీ వచ్చినప్పుడు మూతి వంగితే సమస్య దొరికినట్టే. ఇక రోజూ కాసేపు డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) చేయండి, మ్యాగజైన్ తీసేసి, ఛాంబర్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, తూటాలు వేరే గదిలో పెట్టి, గోడవైపే గురిపెట్టి. ముందు సైట్, అంటే మూతి దగ్గర గురి చూసే మిట్ట, కదలకుండా ట్రిగ్గర్ వెనక్కి రావాలి, అంతే.

చూపు టార్గెట్ మీద కాదు, ముందు సైట్ మీద ఉండాలి, ఇది మాత్రం అస్సలు వదలకండి. ముందు, వెనక సైట్ల మధ్య దూరం 150 మిల్లీమీటర్లయితే, వాటి వరసలో ఒక్క మిల్లీమీటర్ తేడాకే 25 మీటర్ల దగ్గర తూటా దాదాపు 17 సెంటీమీటర్లు పక్కకు పోతుంది!

తర్వాత ఇసుక సంచి మీద ఆనించి కాల్చి చూడండి. తూటాలు దగ్గరదగ్గరగానే పడి పక్కకు ఉంటే వెనక సైట్‌ను, తూటా ఎటు వెళ్లాలో అటే జరపండి. చెల్లాచెదురుగా పడితే, 9 ఎం.ఎం. అయితే 115, 124, 147 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) తూటాలు మార్చి చూడండి, అప్పటికీ కుదరకపోతేనే బ్యారెల్ సంగతి.