మా బాబు గుహల్లో డైవింగ్ నేర్చుకుంటా అంటున్నాడు, గోల్డ్ లోన్ పెట్టి పంపించాలా?

రాయగడ నుంచి ఒకమ్మ రాశారు. బాబుకి 19 ఏళ్ళు, ప్లస్ త్రీ సైన్స్ (ఒడిశాలో డిగ్రీని అలా అంటారు) సెకండ్ ఇయర్, చిన్నప్పట్నుంచి నాగావళిలో ఈత కొట్టి పెరిగినోడు. 2018లో థాయ్‌లాండ్ గుహలో వరద నీళ్ళు నిండి పిల్లలు ఇరుక్కుపోయినప్పుడు టీవీ ముందు నుంచి లేవలేదట, ఆ పిచ్చి ఇప్పటికీ పోలేదు. చదువు ఆపేసి మెక్సికో వెళ్ళి కేవ్ డైవింగ్ కోర్సు చేస్తా, అదే నా కెరీర్ అంటున్నాడు, ఈలోపు ఊరి బయట క్వారీ గుంటలో ఫ్రెండ్స్‌తో కలిసి ఊపిరి బిగబట్టి ప్రాక్టీస్ కూడా చేస్తున్నాడు. "వద్దంటే మాట్లాడ్డం మానేస్తున్నాడు, సరే అందామంటే నాకు నిద్ర పట్టట్లేదు" అన్నారు.

అమ్మా, లోన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ క్వారీ గుంట ఈరోజే ఆపించండి. పిల్లలు ఏం చేస్తారంటే మునిగేముందు గబగబా పది ఇరవై సార్లు గట్టిగా ఊపిరి తీసి వదుల్తారు, అలా చేస్తే ఎక్కువసేపు ఉండొచ్చని. దానివల్ల ఒంట్లో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం తగ్గిపోతుంది, ఊపిరి తీసుకోరా అని మనల్ని తొందరపెట్టేదే ఆ కార్బన్ డయాక్సైడ్, అది తగ్గిపోయాక ఆ తొందర రాకముందే నీళ్ళలోనే స్పృహ పోతుంది. ఈత బాగా వచ్చినోళ్ళే ఇలా పోతారు, పక్కనున్న ఫ్రెండ్‌కి కూడా తెలీదు. పైగా కేవ్ డైవింగ్‌లో ఊపిరి బిగబట్టడం అనేదే లేదు, సిలిండర్‌తో డైవ్ చేసేవాళ్ళకి నేర్పే మొదటి రూలే ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు అని. అంటే బాబు చేసే ప్రాక్టీస్ ఆ కోర్సుకి ఎందుకూ పనికిరాదు. ఇది మీరు కాదు, నేను చెప్పానని చెప్పండి.

ఇక థాయ్‌లాండ్ విషయం. 12 మంది పిల్లలు, వాళ్ళ ఫుట్‌బాల్ కోచ్, జూన్ 23న గుహలోకి వెళ్ళారు, జూలై 2 రాత్రి దొరికారు, 10వ తేదీకి అందరూ బయటికి వచ్చారు. వాళ్ళని కనిపెట్టిన ఇద్దరిలో రిక్ స్టాంటన్ రిటైరైన ఫైర్‌మ్యాన్, జాన్ వొలాంథెన్ కంప్యూటర్ల పని చేసుకునే మనిషి. నీళ్ళలోంచి తెచ్చేటప్పుడు బెదరకుండా పిల్లలకి మత్తిచ్చిన రిచర్డ్ హారిస్ ఆస్ట్రేలియాలో మత్తు డాక్టరు, ఆయనతో వచ్చిన క్రెయిగ్ చాలెన్ పశువుల డాక్టరు. చూశారా, ప్రపంచంలోనే పేరున్న ఈ నలుగురిలో ఒక్కరు కూడా గుహల్లో డైవింగ్ మీద వచ్చే జీతంతో ఇల్లు నడిపినవాళ్ళు కాదు. ఒక వృత్తి చేసుకుంటూ దాని పక్కన ఏళ్ళ తరబడి ఇది నేర్చుకున్నారు. హారిస్ గారు మత్తు డాక్టరు కాకపోయుంటే ఆ పిల్లల్ని అలా బయటికి తేవడం కుదిరేదే కాదు. చదువు ఆపేసి కేవ్ డైవర్ అవుతా అనే బాబుకి ఈ ఒక్క విషయం నిదానంగా చెప్పండి, వాడి హీరోలందరికీ వేరే వృత్తి ఉంది.

అదే గుహలో జూలై 6న సమన్ కునాన్ చనిపోయారు, ఆయన థాయ్ నేవీలో సీల్‌గా, అంటే కమాండోగా చేసిన మనిషి, లోపల గాలి సిలిండర్లు పెట్టి తిరిగొస్తూ పోయారు. అంతటి ట్రైనింగ్ ఉన్న మనిషి.

కోర్సు గురించి రాస్తా, ఎందుకంటే డబ్బు కడితే నేరుగా గుహలోకి తీసుకెళ్తారని బాబు అనుకుంటున్నట్టున్నాడు. అలా ఉండదు. ముందు ఓపెన్ వాటర్ అనే కోర్సు, సముద్రంలో 18 మీటర్ల దాకా. తర్వాత అడ్వాన్స్‌డ్, 30 మీటర్లు. ఆపైన బోలెడు డైవ్‌లు, అప్పుడు కావెర్న్ కోర్సు, అంటే గుహ నోటి దగ్గర, పగటి వెలుతురు కనబడే మేర మాత్రమే. ఆ తర్వాత ఇంట్రో, అంటే గుహ లోపలికి మొదటి మెట్టు, ఆ తర్వాతే ఫుల్ కేవ్. సముద్రంలో ఏదైనా తేడా వస్తే పైకి వచ్చేయొచ్చు, గుహలో తల మీద రాయి ఉంటుంది, వెళ్ళిన దారినే తిరిగి రావాలి. అడుగున మెత్తటి బురద, కాలు ఒక్కసారి తప్పుగా ఆడిస్తే లేచి టార్చి వెలుగు కూడా కనబడదు. అందుకే దారి తప్పకుండా తాడు, అందుకే మూడు లైట్లు, అందుకే గాలి లెక్క. సిలిండర్‌లో గాలి 210 బార్ (ఒత్తిడి కొలత) ఉంటే అందులో 70 ఖర్చవ్వగానే, ముందు ఎంత అందంగా ఉన్నా సరే వెనక్కి తిరగాలి, ఇంకో 70 రావడానికి, చివరి 70 ఆపదకి, తనకో తోటివాడికో. 20 మీటర్ల లోతులో గాలి పైన ఖర్చయ్యేదానికి మూడు రెట్లు అవుతుంది, కాబట్టి ఇది నోటిలెక్క కాదు. ఫ్లోరిడాలో షెక్ ఎక్స్‌లీ అనే డైవర్, గుహల్లో జరిగిన చావుల్ని ఒక్కోటి తీసి చూస్తే పదేపదే కనబడ్డవి ఇవే, తాడు లేకపోవడం, గాలి మిగుల్చుకోకపోవడం, మరీ లోతుకి పోవడం. చనిపోయినవాళ్ళలో సముద్రంలో డైవింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్లు కూడా ఉన్నారు.

తాడు పాఠం మొదలయ్యేది నీళ్ళలో కాదు, నేల మీద. చెట్ల మధ్య తాడు కట్టి కళ్ళకి గంతలు కట్టి నడిపిస్తారు. తాడుని పిడికిట్లో పట్టి లాగకూడదు, బొటనవేలు చూపుడువేలు కలిపి సున్నా చుడితే తాడు ఆ సున్నాలోంచి జారుతూ ఉండాలి. తాడు మీద అక్కడక్కడ ప్లాస్టిక్ బాణాలు ఉంటాయి, వాటి మొన బయటికి వెళ్ళే దారి వైపు, చీకట్లో వేలితో తడిమి ఎటు పోవాలో తెలుసుకోవాలి. మీ పెరట్లోనో మామిడి తోటలోనో నలభై అడుగుల తాడు కట్టి బాబుని చెయ్యమనండి, నాలుగైదు చెట్లకి మెలికలు తిప్పి, మధ్యలో మీరు వెళ్ళి భుజం తట్టి కంగారు పెట్టండి. తొందరపడతాడా, తాడు వదిలేస్తాడా, నవ్వేసి గంతలు తీసేస్తాడా చూడండి. ఒక్క సాయంత్రంలో చాలా తెలుస్తుంది, మీకూ వాడికీ.

డబ్బు విషయంలో నా మాట, బంగారం ఇప్పుడు కదపొద్దు. సెలవుల్లో రైలెక్కి విశాఖ వెళ్ళి రుషికొండలో ఒక డైవ్ చేసి చూడమనండి, చెవుల్లో ప్రెషర్ తట్టుకుంటాడా, మాస్క్‌లో నీళ్ళు వస్తే బెదురుతాడా అక్కడే తేలిపోతుంది. ఆస్తమా, చెవి సమస్య ఏమైనా ఉంటే ముందే డాక్టర్‌కి చూపించండి, డైవ్ ముందు నింపే ఫారంలో దాచిపెట్టొద్దు. నచ్చితే డిగ్రీ అయ్యాక అండమాన్‌లో ఓపెన్ వాటర్ చెయ్యొచ్చు, మూడు నాలుగు రోజుల పని.

నీళ్ళ దగ్గరే బతకాలనుంటే దారులు లేకపోలేదు. ప్లస్ త్రీ పూర్తి చేస్తే మన బరంపురం యూనివర్సిటీలోనే మెరైన్ సైన్సెస్ ఉంది, గోవా సముద్ర పరిశోధన సంస్థలో డైవ్ చేసే సైంటిస్టులు ఉన్నారు. నేవీలో డైవర్లకి కొచ్చిలో స్కూలే ఉంది. వరదలు, తుఫాన్లప్పుడు సాయానికొచ్చే ఎన్‌డీఆర్‌ఎఫ్‌లో నేరుగా చేరలేరు, కేంద్ర బలగాల్లో చేరితే అక్కడి నుంచి డెప్యుటేషన్ మీద పంపిస్తారు. ఒడిశా ఫైర్ సర్వీస్ కూడా చూడమనండి, స్టాంటన్ గారు చేసింది ఆ ఉద్యోగమే కదా. ఓడల కింద, డ్యామ్ గేట్ల దగ్గర పనిచేసే కమర్షియల్ డైవింగ్ వేరే ట్రైనింగ్, సరదా డైవింగ్ కార్డులు అక్కడ చెల్లవు.

వద్దు అని మాత్రం అనకండి అమ్మా. 19 ఏళ్ళోడికి వద్దు అంటే ఆ క్వారీ గుంటకే పోతాడు. డిగ్రీ, రుషికొండ, ఓపెన్ వాటర్, ఆ తర్వాత నీ జీతంతో మెక్సికో, ఈ వరస కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. తాడు కట్టి నడిచాక ఎలా అయిందో ఈసారి బాబునే నాకు రాయమనండి.