‘డబ్బే గెలిచింది’ అని రాసే ముందు

చిరంజీవి తమ్ముడికి,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి బాగుందనుకున్నాను, రెండోసారి ఎర్ర పెన్ను తీశాను. నీకు వాక్యం వచ్చు, అందులో అనుమానం లేదు. వానలో టైరు మార్చాలా వద్దా అని డ్రైవర్ తటపటాయించే ముక్క చదివితే, ఇది నేను రాసి ఉంటే బావుండేదనిపించింది. కానీ "ఫార్ములా వన్‌లో డబ్బే గెలుస్తుంది" అన్న మాట నాలుగు చోట్ల ఉంది. ఒక్క చోటా రుజువు లేదు.

డబ్బే గెలిచేదైతే టొయోటా గెలిచి ఉండాలి. 2002 నుంచి 2009 దాకా ఎనిమిది సీజన్లు పాల్గొంది. ఆ రోజుల్లో బాగా ఖర్చు పెట్టిన టీముల్లో అదొకటి. ఒక్క రేసూ గెలవలేదు. ఈ మాట చెప్పగానే నీ వయసు వాళ్లు అవతలి గట్టుకు దూకి బ్రాన్ కథ ఎత్తుకుంటారు. 2008 డిసెంబర్‌లో హోండా తప్పుకుంది, ఆ టీమ్ అధిపతి రాస్ బ్రాన్ ఆ టీమ్‌ను ఒక్క పౌండుకు తీసుకున్నాడు, 2009లో డ్రైవర్ల టైటిల్, టీముల టైటిల్ రెండూ కొట్టాడు. చూశారా, పేదవాడు గెలిచాడు! పేదవాడెక్కడ? 2008 సీజన్‌ను దాదాపు వదిలేసుకుని, ఆ కారు మీద డబ్బు పోసింది హోండానే. ఒక్క పౌండు అన్నది కాగితం మీద ధర. 2009 సీజన్ మొదలయ్యే రోజుల్లోనే ఆ టీమ్‌లో రెండు వందల మందికి పైగా ఉద్యోగాలు పోతాయని తేలింది. ఒక్క పౌండు గురించి రాసినవాళ్లు చాలామంది, వీళ్ల గురించి రాసినవాళ్లు కొద్దిమంది.

మన పేరు పెట్టుకున్న ఫోర్స్ ఇండియా సంగతి ఇంకా విచిత్రం. 2016లో, 2017లో వరసగా నాలుగో స్థానం. తక్కువ డబ్బుతో ఎక్కువ పని చేసే టీమ్ అని పేరు. అదే టీమ్ 2018 జూలైలో దివాలా అంచుకొచ్చి, కోర్టు నియమించిన అధికారుల చేతుల్లోకి వెళ్లింది. కోర్టుకెళ్లింది ఎవరో శత్రువు కాదు, జీతం బాకీ ఉన్న సొంత డ్రైవర్ సెర్జియో పెరెజ్ తరఫువాళ్లే. అలా చేస్తేనే టీమ్ బతుకుతుందని ఆయన చెప్పుకున్నాడు. నిజంగానే బతికింది, పేరు మారి. నీ వ్యాసంలో డబ్బు అంటే పైనున్న రెండు మూడు టీముల డబ్బే. నాలుగో స్థానంలో ఉండి కూడా జీతాలివ్వలేకపోవడం ఎలా ఉంటుందో రాస్తే కొత్తగా ఉంటుంది.

ఇక ఖర్చు పరిమితి, అంటే ఒక టీమ్ ఏడాదికి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదన్న నియమం. దీని మీద నువ్వు రాసిన పేరా మొత్తం కొట్టేశాను, ఏమనుకోకు. "పరిమితి పెట్టడంతో అందరూ సమానమయ్యారు" అన్నావు. 2021లో మొదలైన ఆ పరిమితి 145 మిలియన్ డాలర్లు. అంటే అప్పటి రేటులో వెయ్యి కోట్ల రూపాయల పైమాట. (ముందు అనుకున్నది 175 మిలియన్లు, కరోనా దెబ్బకు తగ్గించారు.) ఇందులో డ్రైవర్ల జీతాలు లేవు. అందరికన్నా ఎక్కువ జీతం తీసుకునే ముగ్గురి లెక్క లేదు. ప్రచారం ఖర్చు లేదు. అంటే పరిమితి కారు మీద, టీమ్ మొత్తం మీద కాదు. ఏది లోపల, ఏది బయట అన్నదాని మీదే అసలు పోటీ నడుస్తుంది. నియమాల పుస్తకం చదివే లాయరు, అకౌంటెంటు కూడా ఇప్పుడు రేసులో ఉన్నట్టే లెక్క.

రెడ్ బుల్ వ్యవహారంలో నువ్వు "మోసం" అని ఒకే మాటతో తేల్చేశావు. 2022 అక్టోబర్‌లో ఎఫ్‌ఐఏ (మోటారు రేసుల్ని నడిపించే ప్రపంచ సంస్థ) బయటపెట్టిన ఒప్పందం నెట్‌లో దొరుకుతుంది, చదువు. 2021కి రెడ్ బుల్ పరిమితి దాటింది 18 లక్షల 64 వేల పౌండ్లు, శాతంలో చెప్పాలంటే 1.6. ఒక పన్ను రాయితీని సరిగ్గా చూపించి ఉంటే అది సుమారు 4 లక్షల 33 వేల పౌండ్లే, 0.37 శాతమే అయ్యేదని అదే కాగితంలో ఉంది. లెక్క తప్పిన పద్దుల్లో భోజనాల ఖర్చు ఒకటి! గంటకు మూడు వందల కిలోమీటర్ల బండి, చివరికి క్యాంటీన్ పద్దు దగ్గర ఆగింది. దురుద్దేశంతో చేశారనడానికి ఆధారం లేదని ఎఫ్‌ఐఏ రాసింది. జరిమానా 70 లక్షల డాలర్లు, దాంతోపాటు ఏడాది పాటు విండ్ టన్నెల్ (కారు మీద గాలి ఎలా పారుతుందో చూసే గది) వగైరా పరీక్షల సమయంలో 10 శాతం కోత. 2021లో ఆ టీమ్ డ్రైవర్ గెలిచిన టైటిల్ జోలికి వెళ్లలేదు.

ఇప్పుడు అడుగు, ఇది న్యాయమేనా అని. నా మటుకు నాకు శిక్ష చాలలేదనే అనిపిస్తుంది. పద్దు ఏదైనా దాటింది దాటిందే, పరిమితి లోపల ఉన్న టీములు ఎంత లెక్కపెట్టుకుని బతికాయో మరి. కానీ నేనిలా అనగలిగేది ఆ అంకెలు ముందు పెట్టాక. నువ్వు తీర్పు ముందు పెట్టి, అంకెలు మింగేశావు. పాఠకుడికి నీతో తగాదా పడే అవకాశం ఇవ్వాలి కదా.

ఆ కోత గురించి ఇంకో మాట. విండ్ టన్నెల్‌లో ఎవరికెంత సమయం అన్నది స్థానాన్ని బట్టి మారుతుంది. 2022 నుంచి ఛాంపియన్ టీమ్‌కు మామూలు సమయంలో 70 శాతం, పదో స్థానం వాళ్లకు 115 శాతం. గెలిచినవాడి కాలికి రాయి కట్టడం అన్నమాట. అందరికీ ఒకటే ఇస్తే న్యాయమా, వెనకపడ్డవాడికి ఎక్కువిస్తే న్యాయమా? నీ వ్యాసంలో "సమానం", "న్యాయం" రెండూ ఒకటే అయిపోయాయి. తిరగరాసేటప్పుడు విడదీయి.

2021 అబుదాబి గురించి మూడు పేజీలు రాశావు, అర పేజీ చాలు. అందరికీ తెలిసిన కథ. రేస్ డైరెక్టర్ మైకేల్ మాసి చుట్టు వెనకబడిన కార్లన్నిటినీ కాక, హామిల్టన్‌కీ వెర్‌స్టాపెన్‌కీ మధ్యనున్న అయిదింటినే ముందుకు పంపాడు, ఆఖరి ల్యాప్‌లో టైటిల్ హామిల్టన్ చేతిలోంచి వెర్‌స్టాపెన్‌కు మారింది. నీకు ఒక్కటి తట్టలేదు. ఆ రేసుకు ముందు ఇద్దరికీ సమానంగా 369.5 పాయింట్లు. ఆ అర ఎక్కడిది? ఆగస్టులో బెల్జియంలో కుండపోత వానలో, వేగాన్ని అదుపులో ఉంచే సేఫ్టీ కారు వెనక కాసేపు తిరిగి, ఒక్క ఓవర్‌టేక్ కూడా లేకుండా రేసు అయిందనిపించి సగం పాయింట్లు పంచారు. వెర్‌స్టాపెన్‌కు 12.5, హామిల్టన్‌కు 7.5. వానలో గంటల తరబడి నిలబడ్డ ప్రేక్షకులకు రేసే దక్కలేదు. అన్యాయం గురించి రాయాలంటే అక్కడ మొదలుపెట్టు, అబుదాబి దానంతటదే వస్తుంది.

ఇదంతా పెద్దరికంతో చెప్తున్నాననుకోకు. నేనూ చేశాను.

2005 జూన్ 19, ఇండియానాపొలిస్. నేనప్పుడు ఒక పేపర్ డెస్క్‌లో ఉన్నాను, మన టైము ప్రకారం రాత్రి బాగా పొద్దుపోయింది, ఎడిషన్ ఆపి కూర్చున్నాం. మిషెలిన్ టైర్లు ఆ ట్రాక్‌లో ఏటవాలుగా ఉండే పదమూడో మలుపును తట్టుకోవని తేలింది. మలుపు ముందు వేగం తగ్గించే అడ్డు పెట్టమన్నారు, ఎఫ్‌ఐఏ కుదరదంది. సరైన టైర్లు తెచ్చుకున్న బ్రిడ్జ్‌స్టోన్ వాళ్లేం పాపం చేశారని దాని వాదన. ఫార్మేషన్ ల్యాప్ (అసలు రేసుకు ముందు తిరిగే చుట్టు) కాగానే మిషెలిన్ టైర్లున్న 14 కార్లు పిట్‌లోకి వెళ్లిపోయాయి. మిగిలినవి ఆరు. రెండు ఫెరారీలు, రెండు జోర్డాన్లు, రెండు మినార్డీలు. జోర్డాన్‌లో మన నరైన్ కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చాడు, 5 పాయింట్లు. ఫార్ములా వన్‌లో ఒక భారతీయుడికి అవే మొదటి పాయింట్లు.

నేను "చారిత్రక నాలుగో స్థానం" అని పెట్టాను. ఆరు కార్లే పరిగెత్తాయన్న సంగతి రాయలేదు. ఎవరూ తీసేయమనలేదు, నేనే తీసేశాను, పండగ పాడవుతుందని. నాలుగు రోజులకు ఒక రిటైర్డ్ మాస్టారి పోస్టుకార్డు వచ్చింది: "అయ్యా, ఆరే కార్లట కదా. మీరు చెప్తే మాకు ఆనందం తగ్గేదా?"

దానికి జవాబు రాయలేకపోయాను. నిజానికి చెప్పి ఉంటే కథ పెద్దదయ్యేది. ఆ ఏడాది మొత్తం మీద జోర్డాన్‌కు వచ్చినవి 12 పాయింట్లు, అందులో 11 ఆ ఒక్క రోజువే. మినార్డీకి వచ్చిన 7 పాయింట్లూ ఆ రోజువే. పెద్ద టీములు అన్యాయమని వదిలేసిన రేసులో చిన్న టీములు ఏడాది సంపాదన ఏరుకున్నాయి. ప్రేక్షకులు ట్రాక్ మీదికి సీసాలు విసిరారు. వీళ్లలో ఎవరిది న్యాయం? ఒక్క వాక్యం దాచిపెట్టి ఇంత కథ పోగొట్టుకున్నాను.

చివరగా, 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ (విద్యుత్ కార్ల) రేసు చూశానన్నావు. మరి అందులో ఒక్క ముక్కా వ్యాసంలో లేదేం? అక్కడ అందరికీ ఒకే ఛాసిస్ (కారు చట్రం), ఒకే బ్యాటరీ, ఒకే టైర్లు. సమానత్వం కోసం ఇంకెక్కడికో పోనక్కర్లేదు, మన నెక్లెస్ రోడ్డు దగ్గరికే వచ్చింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024లో జరగాల్సిన రెండో రేసు రద్దయింది, ఆ డబ్బు వ్యవహారం తర్వాత కేసుల దాకా వెళ్లింది. కార్లు దాదాపు సమానమే, మరి ట్రాక్‌కు డబ్బులెవరివి, ఎవరిని అడిగి ఇచ్చారు? కాగితాలు తెలుగులోనూ దొరుకుతాయి, మనుషులూ ఇక్కడే ఉన్నారు. మొనాకో గురించి రాయడానికి వందమంది ఉన్నారు, దీనికి నువ్వే ఉన్నావు. పార్టీల గొడవలో పడకుండా రాయి, కష్టమే అనుకో.

దిద్దిన ప్రతి ఈ కవర్లోనే ఉంది. మిలియన్లను కోట్లలోకి మార్చేటప్పుడు ఆ ఏడాది రేటే పట్టు, రెండు చోట్ల ఈనాటి రేటు వేశావు. నా 2005 కటింగ్ జిరాక్స్ కూడా పెట్టాను. ఆ పోస్టుకార్డు మాత్రం ఇవ్వను, అది నా దగ్గరే ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య