ముందు బడి కబుర్లు అడుగు

చెల్లీ,

మొన్న ఫోన్‌లో "ఇన్సులిన్ సూది వేయడం నేర్చుకున్నానక్కా, పిల్లే అంతుపట్టడం లేదు, గదిలోంచి బయటికి రావట్లేదు" అన్నావు. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. మా వాడికీ మీ పాపకొచ్చిన టైప్ 1 షుగరే, తొమ్మిదో ఏట వచ్చింది, ఇప్పుడు ఇరవై ఆరేళ్లు. డోసుల సంగతి డాక్టర్ గారు చూస్తారు. నేను చేసిన తప్పులు నువ్వు చేయకూడదని ఈ ఉత్తరం.

మా వాడు ఎనిమిదో తరగతిలో ఉండగా షుగర్ పుస్తకంలో రోజూ 120, 130, 140 రాసేవాడు. నేను మురిసిపోయేదాన్ని. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, చాలా ఎక్కువగా, పదిన్నర వచ్చింది. ఇంటికొచ్చి మీటర్ మెమరీ నొక్కి చూశాను. 290, 310, 265. కోపం ఆగక గట్టిగా అరిచాను. వాడు తల దించుకుని, "నిజం రాస్తే ఆ రోజంతా నువ్వు నాతో మామూలుగా మాట్లాడవు కదమ్మా" అన్నాడు.

ఆ వయసులో ఒంట్లో హార్మోన్ల వల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయదని, అదే తిండికి అదే డోసు వేసినా షుగర్ పెరుగుతుందని డాక్టర్ గారు తర్వాత చెప్పారు. వాడి తప్పు లేనిదానికి ఎన్ని రోజులు ముఖం మాడ్చుకున్నానో! పిల్లలు మన ముఖం చూసే తాము మంచివాళ్లో కాదో తేల్చుకుంటారు. మీటర్‌లో అంకె డోసు ఎంతో తెలుసుకోవడానికే. పాప నీరసంగానో వణుకుతూనో కనిపిస్తే సరే, వెంటనే చూడు. లేకపోతే బడి నుంచి రాగానే "షుగర్ ఎంతుంది?" అనకు. చెప్పులు విప్పనీ, ఆ రోజు కబుర్లు చెప్పనీ.

ఇంకో తప్పు చెప్పాలంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఓ పెళ్లిలో భోజనాలకు ముందు "నలుగురిలో ఎందుకురా" అని వాణ్ణి బాత్రూంలోకి పంపాను. కాసేపయ్యాక తలుపు తోసి చూస్తే, తడి నేల మీద నిలబడి, కొత్త చొక్కా అంచు పళ్లతో పట్టుకుని, పొట్టలో సూది గుచ్చుకుంటున్నాడు. దాచుకోవాల్సిన జబ్బని వాడికి నేర్పింది నేనే. కాలేజీ హాస్టల్లో స్నేహితుల ముందు సిగ్గుపడి ఎన్నో మధ్యాహ్నాలు ఇన్సులిన్ మానేశాడు.

మీ అత్తగారు "స్వీట్లు ఎక్కువ తినేది" అంటున్నారన్నావు కదా. తిండి వల్ల వచ్చింది కాదని, ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేసిందని పాప వినేటట్టు చెప్పు. "రేపు పెళ్లెలా అవుతుంది?" అని ఎవరైనా అంటే అక్కడే ఆపు. నువ్వు తన పక్షాన ఉన్నావని పాప కళ్లారా చూడాలి.

స్నేహితుల్లో ఎవరికి చెప్పాలో పాపనే ఎంచుకోనీ. షుగర్ 70 కన్నా తగ్గితే మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంటకు మళ్లీ చూడాలి, స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వాళ్లకు ఇంత తెలిస్తే చాలు. మా వాడి స్నేహితుడొకడు పదో తరగతి అంతా జేబులో గ్లూకోజ్ పొట్లం పెట్టుకుని తిరిగాడు. ఓసారి గ్రౌండ్‌లో మా వాడికి చెమటలు పడితే పొట్లం చేతిలో పెట్టి, "తాగేసి రారా, తర్వాత బ్యాటింగ్ నీదే" అన్నాడట. నేనైతే ఆ రోజు ఆటే మాన్పించేదాన్ని.

ఆదివారం మా వాడు మీ ఇంటికి వస్తానంటున్నాడు. 1922 జనవరిలో టొరంటోలో మొట్టమొదట ఇన్సులిన్ ఎక్కించింది ఒక పద్నాలుగేళ్ల అబ్బాయికి. అచ్చం పాప వయసే. ఆ కథ పాపకు తనే చెప్పాలట. ఇద్దరినీ మేడ మీద కూర్చోనీ. కాఫీ ఇచ్చే వంకతో పైకి వెళ్లకు.

మీ అక్క