మార్పు వస్తే కొత్త వ్యాపారాలకు అవకాశం ఎలా పుడుతుంది?

మార్పు వచ్చినప్పుడు జనం అవసరాలకూ, మార్కెట్లో దొరికేవాటికీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. కొత్త వ్యాపారికి అవకాశం ఆ ఖాళీయే. పాత సంస్థల దుకాణాలు, సిబ్బంది, ఒప్పందాలు అన్నీ నిన్నటి అవసరానికి అమరినవి, వెంటనే దారి మళ్లలేవు.

1997లో అమెరికా మార్కెట్లోకి డీవీడీ వచ్చింది. వీడియో టేపు లావు, బరువు. పోస్టులో పంపితే గిట్టుబాటు కాదు. పలుచని డీవీడీ మాత్రం కాగితపు కవరులో ఇమిడిపోతుంది. ఇంత చిన్న తేడా పట్టుకునే నెట్‌ఫ్లిక్స్ 1998లో సినిమాలను పోస్టు ద్వారా అద్దెకివ్వడం మొదలుపెట్టింది. అద్దె దుకాణాలకూ డీవీడీ సంగతి తెలుసు, కానీ వాటి పెట్టుబడంతా దుకాణాల్లోనే ఉంది.

కొత్త వస్తువు కనిపెట్టినవారికే అవకాశం దక్కుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. డీవీడీని నెట్‌ఫ్లిక్స్ కనిపెట్టలేదు, తపాలా వ్యవస్థా దానిది కాదు.