రగ్బీ లీగులను ఎందుకిలా మార్చేస్తున్నారు? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రగ్బీ క్లబ్బు పోటీల మీదే ఉన్నాయి. అన్నిటి వెనకా ఉన్న బాధ ఒకటే, ఆట బాగుంటుంది కానీ టోర్నీ అర్థం కాదని. అందుకే ఈ వారం శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: రగ్బీ చూడటం ఈమధ్యే మొదలుపెట్టాను. సూపర్ రగ్బీ పాత మ్యాచ్‌లు వెతికితే బుల్స్, స్టార్మర్స్ లాంటి దక్షిణాఫ్రికా జట్లు కనిపిస్తున్నాయి. ఇప్పుడేమో అవే జట్లు ఐర్లండ్, వేల్స్ జట్లతో యూరప్‌లో ఆడుతున్నాయి. అసలేం జరిగింది?

జవాబు: ఇది కాస్త పెద్ద కథ, ఓపిగ్గా చదవండి. 1995లో రగ్బీ యూనియన్ ప్రొఫెషనల్ ఆట అయింది. మరుసటి ఏడాదే న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా కలిసి సూపర్ 12 మొదలుపెట్టాయి, ఇప్పటి సూపర్ రగ్బీకి అదే మొదటి రూపం. న్యూజిలాండ్ నుంచి 5, దక్షిణాఫ్రికా నుంచి 4, ఆస్ట్రేలియా నుంచి 3 జట్లు. ప్రతి జట్టూ మిగతా పదకొండింటితో ఒక్కోసారి ఆడేది, పట్టికలో మొదటి నాలుగు జట్లూ సెమీస్‌కి వెళ్లేవి, అంతే. చిన్నపిల్లలకి కూడా ఒక్క నిమిషంలో చెప్పేయొచ్చు. నా దృష్టిలో ఈ పోటీకి అంతకన్నా మంచి రూపం మళ్లీ రాలేదు.

2006లో 14 జట్లు చేశారు, అప్పటికీ ఫర్వాలేదు, అందరూ అందరితో ఆడేవాళ్లు. 2011లో మెల్‌బోర్న్ రెబెల్స్‌ని చేర్చి 15 చేసినప్పుడు దారి తప్పింది. దేశానికో కాన్ఫరెన్స్, అంటే విడి గ్రూపు పెట్టి, సొంత దేశం జట్లతో రెండేసి సార్లు ఆడించి, పరాయి దేశం జట్లలో కొన్నిటితో అసలు ఆడించకుండా వదిలేశారు. టీవీ వాళ్లకి లోకల్ డెర్బీలు కావాలి, డెర్బీలు పెరిగితే చూసేవాళ్లూ పెరుగుతారు, డబ్బూ వస్తుంది. ఆ లెక్క తప్పని అనను, కానీ ఒకే పట్టికలో ఉన్న రెండు జట్లు ఒకే రకం ప్రత్యర్థులతో ఆడకపోతే ఆ పట్టికకి విలువేముంది?

2016లో అర్జెంటీనా నుంచి జాగ్వారెస్, జపాన్ నుంచి సన్‌వుల్వ్స్, దక్షిణాఫ్రికా నుంచే మళ్లీ కింగ్స్ వచ్చి 18 అయ్యాయి, కాన్ఫరెన్స్‌లు నాలుగయ్యాయి. సన్‌వుల్వ్స్ మ్యాచ్‌లు కొన్ని టోక్యోలో, కొన్ని సింగపూర్‌లో. బ్యూనస్ ఎయిర్స్ నుంచి టోక్యో దాకా ఒకే లీగ్! ఆటగాళ్లు మైదానంలో గడిపిన సమయం కన్నా విమానాల్లో గడిపిందే ఎక్కువ. 2018కి మళ్లీ 15కి కుదించి దక్షిణాఫ్రికాలోని చీటాస్, కింగ్స్, ఆస్ట్రేలియాలోని వెస్టర్న్ ఫోర్స్‌ని తీసేశారు.

దీనికి తోడు టైమ్ గొడవ. చలికాలంలో న్యూజిలాండ్‌లో రాత్రి 7 గంటలకి మ్యాచ్ మొదలైతే దక్షిణాఫ్రికాలో ఉదయం 9 అవుతుంది. అదే ఐర్లండ్‌కీ దక్షిణాఫ్రికాకీ తేడా గంటో రెండు గంటలో మాత్రమే. ప్రయాణం దూరమే అయినా టీవీ ముందు కూర్చునేవాడికి సాయంత్రం సాయంత్రంలాగే ఉంటుంది. 2020లో కోవిడ్ వచ్చి మార్చిలో సీజన్ ఆగిపోయింది, ఎవరి దేశంలో వాళ్లు ఆడుకోవాల్సి వచ్చింది. సరిహద్దులు తెరిచేసరికి న్యూజిలాండ్ పక్కనున్నవాళ్లతో ఆడితే చాలనుకుంది, దక్షిణాఫ్రికా ఉత్తరం వైపు తిరిగింది. బుల్స్, లయన్స్, షార్క్స్, స్టార్మర్స్ నాలుగూ 2021-22 నుంచి ఐర్లండ్, వేల్స్, స్కాట్లండ్, ఇటలీ జట్లుండే యునైటెడ్ రగ్బీ ఛాంపియన్‌షిప్‌లో ఆడుతున్నాయి. మొదటి సీజన్ ఫైనలే కేప్‌టౌన్‌లో స్టార్మర్స్, బుల్స్ మధ్య జరిగింది, స్టార్మర్స్ 18-13తో గెలిచింది.

ఈ మార్పుల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టింది జాగ్వారెస్ సంగతి. 2019లో ఫైనల్ దాకా వెళ్లి న్యూజిలాండ్ జట్టు క్రూసేడర్స్ చేతిలో 3-19తో ఓడారు. మరో రెండేళ్లకి సూపర్ రగ్బీలో వాళ్లకి చోటే లేదు. నోటికాడి ముద్ద లాగేయడమంటే అదే.

ప్రశ్న: సూపర్ రగ్బీలో తక్కువ పాయింట్లు ఉన్న జట్టుకి సొంత మైదానంలో క్వార్టర్ ఫైనల్ ఇచ్చేవారట, నిజమేనా? నా స్నేహితుడు చెబితే నమ్మలేదు.

జవాబు: నమ్మండి. 2016లో న్యూజిలాండ్ జట్టు హైలాండర్స్‌కి 52 పాయింట్లు, బ్రంబీస్‌కి 43. బ్రంబీస్ ఆస్ట్రేలియా కాన్ఫరెన్స్‌లో ఫస్ట్ కాబట్టి మ్యాచ్ కాన్‌బెర్రాలో పెట్టారు. హైలాండర్స్ అక్కడికెళ్లి 15-9తో గెలిచింది, అది వేరే సంగతి. మరుసటి ఏడాది ఇంకా ఘోరం. 34 పాయింట్ల బ్రంబీస్ దగ్గరికి 58 పాయింట్ల హరికేన్స్ వెళ్లాల్సి వచ్చింది, 35-16తో గెలిచొచ్చింది. ఆ 2017 సీజన్‌లో న్యూజిలాండ్ జట్లతో ఆస్ట్రేలియా జట్లు 26 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ గెలవలేదు. అలాంటి కాన్ఫరెన్స్‌లో ఫస్ట్ వచ్చినందుకు హోమ్ మ్యాచ్ బహుమతి.

స్టార్మర్స్‌కి ఇది తిరగబడింది. 2016 లీగ్ దశలో వాళ్ల గ్రూపుకి న్యూజిలాండ్ జట్లతో ఒక్క మ్యాచ్ కూడా లేదు. ఆడాల్సిన గట్టి మ్యాచ్‌లు ఆడకుండానే కాన్ఫరెన్స్‌లో ముందుకొచ్చేశారు. క్వార్టర్స్‌లో కేప్‌టౌన్‌కి న్యూజిలాండ్ జట్టు చీఫ్స్ వచ్చింది, 60-21తో గెలిచింది. స్టార్మర్స్ ఆటగాళ్ల తప్పేం లేదు. సీజనంతా ఆ స్థాయి వేగాన్ని ఎదుర్కోని జట్టుని నాకౌట్‌లో ఒక్కసారిగా నిలబెడితే ఏం చేయగలదు?

యూరప్ వైపూ ఇలాంటిదే జరిగింది. యునైటెడ్ లీగ్‌లో మొదట్లో ప్రాంతీయ షీల్డ్, అంటే ఒక ప్రాంతం జట్లలో ముందున్న జట్టుకిచ్చే బహుమతి, గెలిస్తే యూరప్ అగ్రశ్రేణి క్లబ్బు పోటీ ఛాంపియన్స్ కప్‌లో చోటు ఖాయం. 2021-22లో ఎనిమిదో స్థానంలో ఉన్న స్కాట్లండ్ జట్టు గ్లాస్గోని కాదని తొమ్మిదో స్థానంలోని ఆస్ప్రీస్‌కి ఆ చోటు వెళ్లింది, వేల్స్ షీల్డ్ గెలిచారు కాబట్టి. గ్లాస్గో రెండో స్థాయి ఛాలెంజ్ కప్‌కి వెళ్లి అక్కడ ఫైనల్ ఆడింది. తర్వాత ఆ నియమం తీసేసి మామూలుగా మొదటి ఎనిమిది జట్లకే చోటిస్తున్నారు, మంచి పని చేశారు.

ప్రశ్న: యూరప్ ఛాంపియన్స్ కప్‌లో 24 జట్లు ఆడితే 16 నాకౌట్‌కి వెళ్తాయి. ఇక పూల్ మ్యాచ్‌లు చూడటం దేనికి?

జవాబు: సరిగ్గా నా మనసులో మాట అడిగారు. నాలుగు పూల్స్, ఒక్కో పూల్‌లో ఆరు జట్లు, ఒక్కో జట్టుకి నాలుగే మ్యాచ్‌లు. సొంత లీగ్ జట్టుతో ఆట ఉండదు. అంటే 48 మ్యాచ్‌లు ఆడించి నాకౌట్ నుంచి పక్కన పెట్టేది 8 జట్లనే! ఆ ఎనిమిదిలో కూడా ఐదో స్థానం వాళ్లు నలుగురు ఛాలెంజ్ కప్ నాకౌట్‌లోకి వెళ్తారు. 2024-25లో ఐర్లండ్ జట్టు అల్‌స్టర్ నాలుగింటిలో మూడు ఓడి, ఒక్కటే గెలిచి కూడా ముందుకెళ్లింది.

ఛాంపియన్స్ కప్‌కి ముందున్న పాత హైనెకెన్ కప్ చూసినవాళ్లకి ఇది కడుపు మండే విషయం. అప్పుడూ 24 జట్లే, కానీ నాలుగేసి జట్ల ఆరు పూల్స్. ప్రతి ప్రత్యర్థితోనూ ఇక్కడొకటి, అక్కడొకటి, మొత్తం ఆరు మ్యాచ్‌లు. పూల్ గెలిచిన ఆరు జట్లు, రెండో స్థానాల్లో మెరుగైన రెండు మాత్రమే క్వార్టర్స్‌కి. డిసెంబర్‌లో వరసగా రెండు వారాలు అదే జట్టుతో తలపడాలి, మొదటి వారం ఓడితే వారంలోనే బదులు తీర్చుకోవాలి. ఆ టెన్షనే ఆ పోటీకి ప్రాణం. ఒక్క బోనస్ పాయింట్, అంటే నాలుగో ట్రై (ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకి ఆనించడం) కోసం గెలిచిన మ్యాచ్‌లో కూడా చివరి నిమిషం దాకా కొట్టుకునేవాళ్లు.

ఇంకో లెక్క చూడండి. ఇంగ్లండ్ ప్రీమియర్‌షిప్, ఫ్రాన్స్ టాప్ 14, యునైటెడ్ లీగ్, ఈ మూడింటిలో ఒక్కో లీగ్ నుంచి 8 జట్లు వస్తాయి. వూస్టర్, వాస్ప్స్, లండన్ ఐరిష్ మూతపడ్డాక ఇంగ్లండ్ ప్రీమియర్‌షిప్‌లో మిగిలినవే 10 జట్లు. పదిలో ఎనిమిదికి అర్హత దొరికితే దాన్ని అర్హత అనడం నాకు కష్టంగా ఉంది.

ప్రశ్న: పెద్ద మ్యాచ్‌కి కూడా కొన్ని జట్లు రెండో వరస ఆటగాళ్లని పంపుతున్నాయి. టికెట్ కొన్నవాళ్లని మోసం చేసినట్టు కాదా?

జవాబు: కోచ్‌ల మీద కోపం తెచ్చుకోకండి, తప్పు క్యాలెండర్‌ది. బుల్స్‌నే చూడండి. 2023 ఏప్రిల్‌లో లీగ్ చివర్లో ఐర్లండ్ జట్టు లీన్‌స్టర్ ప్రిటోరియాకి రెండో జట్టుతో వచ్చింది, యూరప్ సెమీఫైనల్ దగ్గర పడింది కాబట్టి ముఖ్యమైనవాళ్లు డబ్లిన్‌లోనే ఉండిపోయారు. బుల్స్ 62-7తో గెలిచింది. దాదాపు ఏడాదికి అదే బుల్స్ ఛాంపియన్స్ కప్ క్వార్టర్స్‌కి నార్తాంప్టన్ వెళ్తూ తమ ముఖ్యమైన ఆటగాళ్లలో చాలామందిని ఇంటి దగ్గరే వదిలి వెళ్లింది, 22-59తో ఓడింది. ముందు వారం ప్రిటోరియాలో ఫ్రాన్స్ జట్టు లియోన్‌తో నాకౌట్ ఆడి, వారం తిరక్కుండా ఇంగ్లండ్‌లో ఇంకో నాకౌట్ ఆడమంటే ఎవరైనా ఇదే చేస్తారు.

రెండు నాకౌట్ రౌండ్లని పక్కపక్క వారాల్లో పెట్టి, మధ్యలో ఖండాలు దాటించే పోటీకి ఇది తప్పదు. కనీసం ఒక వారం ఖాళీ ఇవ్వాలి. క్వార్టర్ ఫైనల్ కూడా జట్లు వదిలేసుకునే మ్యాచ్ అయిందంటే నిర్వాహకులకి నిద్ర పట్టకూడదు.

ప్రశ్న: 2025 సూపర్ రగ్బీలో చీఫ్స్ ప్లేఆఫ్‌లో ఓడి కూడా సెమీస్ ఆడింది. ఓడినవాళ్లని మళ్లీ ఆడించడం న్యాయమా?

జవాబు: నియమం ముందే చెప్పారు కాబట్టి అన్యాయం అనలేం. 11 జట్లలో ఆరు ప్లేఆఫ్‌కి, మూడు మ్యాచ్‌లు, గెలిచిన మూడు జట్లతో పాటు ఓడినవాళ్లలో పట్టికలో పైన ఉన్న జట్టు కూడా సెమీస్‌కి. లీగ్‌లో ఫస్ట్ వచ్చిన చీఫ్స్ హామిల్టన్‌లో బ్లూస్ చేతిలో 19-20తో ఓడింది. కానీ ఊరికే వదల్లేదు. ఆ ఓటమితో చీఫ్స్ ఒక మెట్టు కిందికి దిగింది, క్రూసేడర్స్ మొదటి స్థానానికి వెళ్లింది. అందుకే చీఫ్స్ సెమీస్ గెలిచినా ఫైనల్ హామిల్టన్‌లో కాకుండా క్రైస్ట్‌చర్చ్‌లో జరిగింది, క్రూసేడర్స్ 16-12తో కప్పు ఎత్తింది.

నాకు ఈ పద్ధతి పూర్తిగా నచ్చదు, కానీ అంతకు ముందు 12లో 8 జట్లని క్వార్టర్స్‌కి పంపిన దానికన్నా వెయ్యి రెట్లు నయం. ఐదు జట్లు ఇంటికెళ్లాలంటే లీగ్ చివరి వారాలకి బరువొస్తుంది.

ప్రశ్న: విమర్శలు సరే, మీ చేతికిస్తే ఛాంపియన్స్ కప్‌ని ఎలా మారుస్తారు?

జవాబు: 16 జట్లు. మూడు లీగుల నుంచి ఐదేసి, పాత ఛాంపియన్ ఒకటి. నాలుగేసి జట్ల నాలుగు పూల్స్, ఇంటా బయటా ఆరు మ్యాచ్‌లు, మొదటి రెండు జట్లు క్వార్టర్స్‌కి. పూల్ మ్యాచ్‌లు లెక్కేయండి, ఇప్పటిలాగే సరిగ్గా 48. టీవీకి పూల్ మ్యాచ్‌లు తగ్గవు, క్లబ్బుకి ఖాయంగా దొరికే హోమ్ మ్యాచ్‌లు రెండు నుంచి మూడవుతాయి, సగం జట్లు నిజంగా ఇంటికి పోతాయి.

ఇబ్బందులు లేవని కాదు. ఇప్పటి పోటీకి ఎనిమిది వారాంతాలు పడితే దీనికి తొమ్మిది కావాలి. ఫ్రాన్స్ టాప్ 14లో ఇప్పటికే 26 రౌండ్లున్నాయి, ఆ ఒక్క వారం కూడా వాళ్లు తేలిగ్గా ఇవ్వరు. పైగా చోటు కోల్పోయే ఎనిమిది క్లబ్బుల ఓట్లు ఎటు పడతాయో ఊహించడం కష్టం కాదు. అయినా ఛాలెంజ్ కప్ ఉంది, దాన్ని గట్టిగా నిలబెట్టొచ్చు, 2024లో షార్క్స్ దాన్ని గెలిచి యూరప్ కప్పు అందుకున్న తొలి దక్షిణాఫ్రికా జట్టు అయింది.

ప్రశ్న: కొత్త జట్లని చేర్చడమే తప్పంటారా?

జవాబు: అస్సలు కాదు. 2022లో వచ్చిన ఫీజియన్ డ్రువాని చూడండి. ఫీజీ ఆటగాళ్లు దశాబ్దాలుగా పరాయి దేశాల క్లబ్బులకి ఆడుతూ వచ్చారు. సొంత గడ్డ మీద ప్రొఫెషనల్ జట్టు వచ్చిన రెండో ఏడాదే లౌటోకాలో క్రూసేడర్స్‌ని 25-24తో ఓడించారు, అదే సీజన్‌లో క్వార్టర్స్‌కి వెళ్లారు. అక్కడ ఆటగాళ్లూ ఉన్నారు, మైదానం నిండా జనమూ ఉన్నారు, లేనిది లీగ్ ఒక్కటే. అలాంటి చోటికి జట్టు ఇవ్వాలి. మార్కెట్ ఉందని పటం మీద చుక్క పెట్టి జట్టు పుట్టిస్తే నిలబడదు.

ప్రశ్న: వెస్టర్న్ ఫోర్స్‌ని తీసేశారన్నారు, మరి ఇప్పుడు ఆడుతున్నారు కదా?

జవాబు: 2017లో ఆస్ట్రేలియా ఒక జట్టుని తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు మాట ఫోర్స్, రెబెల్స్ మధ్యే నడిచింది, పెర్త్‌లోని ఫోర్స్‌ని తీసేశారు. గనుల వ్యాపారి ఆండ్రూ ఫారెస్ట్ సొంత డబ్బు పెట్టి జట్టు చెదిరిపోకుండా చూశారు, 2020లో కోవిడ్ వల్ల దేశంలోపలే లీగ్ పెట్టుకున్నప్పుడు తిరిగి తీసుకున్నారు. అప్పుడు ఉంచుకున్న రెబెల్స్ 2024తో మూతపడింది.